పరుపులత్త మతి సంగతి

పరుపులత్త బతుకంతా దూది ఏకి పరుపులు కుట్టింది. పాత పరుపు విప్పితే లోపల ఏముంటుందో ఆమెకు తెలుసు: వెంట్రుకలు, నల్లుల మరకలు, మాగిన చెమట కంపు. అయినా ఏనాడూ ముక్కు మూసుకోలేదు. ఆమెకు రోత పుట్టింది కన్నకొడుకును చూసే.

పోయిన వేసవిలో ఇల్లు వాడి పేర రాసింది. ఆ రోజు వాడే ఒక డాక్టర్ని వెంటబెట్టుకొచ్చాడు. డాక్టరు నాలుగు మాటలడిగి కాగితం మీద ‘కాంపోస్ మెంటిస్’ అని రాశాడు.

"అదేం జబ్బు బాబూ?"

"జబ్బు కాదమ్మా, లాటిన్ మాట. మతి స్థిమితంగా ఉందని. అది లేకపోతే నీ సంతకం చెల్లదు."

"మా అమ్మ బుర్ర పాదరసం, డాక్టర్ గారూ!" అని కొడుకు పొంగిపోయాడు.

చలికాలంలో ఆమె తన పరుపుల దుకాణాన్ని గుండీలక్కకు రాస్తానంది. ఇన్నాళ్లూ తన పక్కనే కూర్చుని కుట్టిన మనిషి ఆమె. కొడుకు మొహం మాడిపోయింది. తల్లికి మతి చలించిందని కోర్టుకెక్కాడు. అదే డాక్టరు అదే మాటకు ముందు ఈసారి ‘నాన్’ తగిలించాడు. కేసు గట్టిగా నిలవాలని, జబ్బు మూడేళ్లుగా ముదురుతోందనీ రాశాడు.

"మనుషుల్ని గుర్తుపట్టదు. తన మంచిచెడ్డలు తనకు తెలియవు," అని వకీలు చదువుతుంటే కొడుకు కళ్లు తుడుచుకున్నాడు. అత్త పరకాయించి చూసింది. చుక్క తడి లేదు.

"మీరేమంటారమ్మా?" అన్నాడు జడ్జి.

"ఒప్పుకుంటానయ్యా. మూడేళ్లుగా నాకు మతి లేదు. మరి పోయిన వేసవిలో రాసిచ్చిన ఇల్లు నాకు తిరిగి ఇప్పించండి."

కొడుకు తన వకీలు చెవి కొరికాడు. వకీలు లేచి కేసు వెనక్కి తీసుకుంటామన్నాడు. జడ్జి మాత్రం డాక్టర్ని వదల్లేదు, రెండు కాగితాలకూ సంజాయిషీ అడిగాడు.

వరండాలో కొడుకు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "నీ మంచికేనమ్మా ఇదంతా. దా, ఇంటికెళ్దాం."

"వదులు. ఒళ్లు జలదరిస్తోంది," అందామె. "ఆస్తి మీద ఆశ పడ్డావు, సరే. ఆ దొంగ ఏడుపెందుకురా? ఛీ!"

కుళాయి దగ్గర మోచేతి దాకా కడుక్కుని గానీ ఆమె మెట్లు దిగలేదు.

దుకాణం గుండీలక్క పేరుకు మారింది. అత్త దాని వెనక గదిలో మకాం పెట్టింది.

"ఇల్లు కూడా అడగొచ్చుగా వదినా?" అంది గుండీలక్క ఓసారి.

"అడగాలంటే వాడి మొహం చూడాలిగా," అని అత్త దిండు గలీబు అందుకుంది.