ఏడు చింతచెట్లు ఎవరివి?

నా చిన్నప్పుడు, పాకాల దగ్గర మా ఊళ్లో, ఒక్క పూటలో మా కుటుంబం పోగొట్టుకున్నవాటిని వేళ్లు మడిచి లెక్కపెట్టాను. ఏడు చింతచెట్లు, వాటికి ఏటా వచ్చే కాపు, మా నాయన తాతతో మాట్లాడే మాటలు. మాటలు ఎందుకు పోయాయో తెలుసు. చెట్లు, కాపు ఎక్కడికి పోయాయో మాత్రం తేలలేదు.

ఆ రోజు తాత రిజిస్ట్రారు ఆఫీసులో ట్రస్టు పత్రం రాయించి వచ్చాడు. చెట్లను పక్కింటి అక్క చేతిలో పెట్టాడు. ఆమె బడిలో టీచరు. కాపు అమ్మిన డబ్బుతో మా చిన్నత్తను బతికినంత కాలం చూసుకోవాలి, అంతే. చిన్నత్తకు ముప్పై ఏళ్లు నిండినా మనసు మాత్రం ఐదేళ్ల దగ్గరే ఆగిపోయింది.

నాకు లెక్క కుదరలేదు. కాపు అమ్మేది అక్క, కానీ ఒక్క కాయ కూడా ఆమెది కాదు. తినేది అత్త, కానీ ఆమె అమ్మడానికి లేదు. ఇచ్చింది తాత, కానీ వెనక్కు తీసుకోలేడు. ఎవరి వాటా తీసి చూసినా సున్నా వస్తోంది. చెట్లేమో ఏడూ అక్కడే ఉన్నాయి.

నాయన మంచివాడే. అడిగినవాళ్లకల్లా అప్పులకు జామీను ఉండేవాడు, వాళ్లు ఎగ్గొడితే ఇంట్లోది తీసి కట్టేవాడు. "నా చెల్లెల్ని నేను సూసుకోనా? నేనేమన్నా దొంగనా నాయనా?" అని తాత మీద అరిచి, మాటలు మానేశాడు.

మరునాడు తాత నా చేతికి ఒక డబ్బా ఇచ్చాడు. అందులో పది వేరుశనగ ఉండలు.

"పాపా, ఇవి నీ దగ్గర ఉంటాయి గానీ నీవి కావు. దినానికొకటి మీ అత్తకియ్యి."

"మరి ఎవురివి తాతా?"

"పది దినాల్లో నీకే తెలుస్తాదిలే."

రెండో రోజు ఒకటి నేను తిన్నాను. నాలుగో రోజు నాయన చెయ్యి చాచాడు. "ఒకటియ్యి మ్మే, రేపు అంగట్లో తెచ్చి పెడతా." ఇచ్చాను. ఆరో రోజూ అడిగాడు, ఇచ్చాను. నాయనకు లేదని చెప్పడం ఎలాగో నాకు తెలియదు.

ఎనిమిదో రోజు చిన్నత్త వచ్చి చెయ్యి చాచింది. డబ్బా ఖాళీ. తలకిందులు చేసి చూసింది. నాయన పరుగున అంగడికి పోయి ఉండలు తెచ్చాడు. ఆమె ముట్టలేదు. ఆ డబ్బానే చూపిస్తూ సాయంత్రం దాకా గడప మీద కూర్చుంది.

అప్పుడు తాత నాయనతో అన్నాడు. "నిన్ను దొంగని ఎవురన్నార్రా? అడక్కుండా ఉండేదానికి నీకు సేత కాదు. నువ్వడిగితే లేదనేదానికి ఈ పాపకు సేత కాలా. టీచరమ్మకైతే 'పో అప్పా' అనేదానికి నోరుండాది."

నాయన "ఆయమ్మకు శానా పెద్ద నోరే ఉండాదిలే" అన్నాడు. తాత నవ్వాడు. పోయినవాటిలో మాటలు అలా తిరిగి వచ్చాయి.

అక్క ముసలిదయ్యాక, పత్రంలో రాసినట్టే ఆ బాధ్యత నాకు వచ్చింది. ఇప్పుడు తిరుపతి నుంచి ఏటా పోయి కాపు అమ్మించి, లెక్క రాస్తాను. చెట్లు ఎవరివని అడిగితే ఇప్పటికీ తడబడతాను. నా దగ్గర ఉన్నాయి, నావి కావు. అంతకు మించి చెప్పలేను. కానీ మా వాళ్లెవరైనా చెయ్యి చాస్తే, లేదని చెప్పడం వచ్చింది.

చిన్నత్తకు డెబ్బై దాటాయి. పోయిన ప్రతిసారీ ఉండలు తీసుకుపోతాను, ఇష్టంగా తింటుంది. అవి ఆ డబ్బా లెక్కలోకి రావు. అందులో ఆమెకు రావలసినవి పది, ముట్టినవి ఏడు. బాకీ మూడు.