ముద్ద కలిపినాకే గోలీ

శనివారం. తెల్లవారగానే మొదటి ఆశ్చర్యం, పక్కింట్లో రొట్టె కొట్టే చప్పుడు లేదు. అంతలోనే అమ్మ వచ్చి చెప్పింది, పక్కింటి పెద్దమ్మ నిద్రలోనే పోయిందని.

పెబ్బేరులో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకటే గోడ. పెద్దమ్మకు చదువు రాదు. పెదనాయనకు షుగర్ అని తేలినప్పటి నుంచి గోలీల షీటు తెచ్చి నా ముందు పెట్టేది.

"బిడ్డా, పేరు చదువు. తారీఖు గూడ చదువు. కడుపులకు పోయేది, జర నిమ్మళంగ చూడు."

నేను చదివే అక్షరాల మీద ఒకరి ప్రాణం ఆధారపడుతుందని నాకు మొదట తెలిసింది ఆమె ముందే.

ఒకసారి పెదనాయన పశువుల సంతకు పోయే తొందరలో ఏమీ తినకుండా గోలీ మింగాడు. సంతలో చెమటలు పట్టి, చేతులు వణికి కూలబడ్డాడు. పక్కనున్నవాళ్లు చక్కెర నీళ్లు తాగిస్తే తేరుకున్నాడు. మరునాడు పెద్దమ్మ ఆయన్ని దవాఖానకు తీసుకుపోయి, అడిగిందే అడిగి తెలుసుకొచ్చింది. ఆ గోలీ, అన్నం తిన్నాక పెరిగే షుగర్‌ను తగ్గించడానికి. కంచం ముందు కూర్చున్నాకే వేసుకోవాలి. తినని పూట మానాలి. తప్పినదాన్ని తర్వాతి పూటకు కలిపి రెండు వేసుకోకూడదు.

ఆనాటి నుంచి షీటు ఆమె కొంగుముడిలోనే. ఆయన ముద్ద కలిపేదాకా ముడి విప్పేది కాదు.

"నా గోలీకి గూడ తాళమేసినవు గదనే!" అనేవాడు పెదనాయన.

"ఎద్దు పండ్లు చూసి వయసు చెప్తవు, నీ ఆకలి నీకు తెల్వదు. నిన్నెట్ల నమ్మాలె?"

ఈరోజు శవం లేచేదాకా వాడకట్టులో ఎవరూ పొయ్యి ముట్టించలేదు. పదింటప్పుడు చూస్తే పెదనాయన గోడవారన కూర్చుని ఉన్నాడు. పెద్దమ్మ కొంగుముడి విప్పి తాను తీసుకున్న షీటు ఒళ్లో ఉంది, గోలీ అరచేతిలో ఉంది. రాత్రి నుంచి ఆయన ఏమీ తినలేదు.

"ఏంది పెదనాయనా?"

"పూట తప్పొద్దనేది బిడ్డా. ఇయ్యాల ఒక్కరోజన్న ఆమె మాట వింట."

నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. "తినని పూట ఇయ్యకపోతుండె గద పెద్దమ్మ!"

ఆయన అరచేతిలోకి చూసుకున్నాడు. తర్వాత గోలీ, షీటు నా చేతిలో పెట్టి, "ఆమె ఉంటె గుంజుకునేది" అన్నాడు. పొద్దుటి నుంచి అప్పుడే మొదటిసారి ఏడ్చాడు.

సాయంత్రం స్నానాలయ్యాక అమ్మ పెదనాయనకు అన్నం పెట్టింది.

"పొద్దుగాలది గూడ కలిపి ఏస్కోనా?"

"ఒక్కటే" అన్నాను.

రేపు పొద్దున అమ్మ పప్పూ అన్నం వండుతుంది. నేను కంచం పట్టుకుపోయి ఆయన ఎదురుగా కూర్చుంటాను. తొందరపెట్టను. ఆయన చెయ్యి అన్నంలోకి పోయేదాకా షీటు నా పిడికిట్లోనే ఉంటుంది.