మూడో వీధికి వదిలిన నీళ్ళు

కరోనా భయం తగ్గిన మరుసటి ఏడాది, కార్తీకమాసంలో, భోగాపురానికి కాస్త ఇవతల ఉన్న ఒక లేఅవుట్‌లో ఇళ్ళ యజమానుల సంఘానికి మేనేజరుగా చేరాను. అంతకుముందే గ్రామీణ నీటి సరఫరా విభాగంలో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా రిటైరయ్యాను. శృంగవరపుకోటలో ఇంటిపట్టున కూర్చుని టీవీలో వంటలు చూసే ఓపిక నాకు లేదు. సర్వీసంతా పైవాళ్ళ సంతకం కోసం ఎదురుచూసినదాన్ని, ఒక బోరూ ఒక ట్యాంకూ పూర్తిగా నా అజమాయిషీలో ఉంటాయంటే ఆశపడ్డాను. ఆ ఆశతో పాటు ఎంత భయం మోయాలో అప్పుడు తెలియదు.

సంఘానికి నీళ్ళతో పనేమిటని అడిగేవాళ్ళ కోసం రెండు మాటలు. సరుగుడు తోటల మధ్య ప్లాట్లు వేసి అమ్మిన ఆసామి, చివరి ప్లాటు అమ్ముడుపోగానే తాళాలు సంఘం చేతిలో పెట్టి తన దారిన తాను వెళ్ళిపోయాడు. దూరమని పంచాయతీ పైపు అక్కడిదాకా రాలేదు. అందుచేత బోరు, ఓవర్‌హెడ్ ట్యాంకు, మూడు వీధుల పైపులు అన్నీ సంఘానివే. నీళ్ళు రాకపోతే తిట్టడానికి సర్కారు ఉండదు, మేనేజరు ఉంటుంది. సభ్యులు ఎన్నుకున్న ప్రెసిడెంటుగారు నాకు పైఅధికారి. నా కింద సన్యాసిరావు అనే ఆపరేటరు ఒక్కడే. మోటరు వేయడం, ట్యాంకులో బ్లీచింగు కలపడం, ఉదయం సాయంత్రం ఒక్కో వీధికి వంతులవారీగా వాల్వు తిప్పి నీళ్ళు వదలడం అతని పని. చివరి కుళాయి దగ్గర నీళ్ళు పట్టి, చుక్కలమందు వేసి, క్లోరిన్ ఎంత మిగిలిందో రంగును బట్టి చూడడం నా పని.

ఇలా వంతులవారీగా నీళ్ళు వదలడంలో ఒక ప్రమాదం ఉంది. ఎప్పుడూ నీళ్ళు నిండి ఉండే పైపులోకి బయటిది ఏదీ జొరబడలేదు, లోపలి ఒత్తిడే దాన్ని నెట్టేస్తుంది. వాల్వు కట్టేశాక అలా కాదు. పైపులో మిగిలిన నీళ్ళు పల్లపు ఇళ్ళ కుళాయిల్లోంచి కారిపోతుంటే, మెరకన ఉన్న ఇళ్ళ దగ్గర పైపు లోపలికి పీల్చడం మొదలుపెడుతుంది. డబ్బాలోంచి గొట్టంతో కిరసనాయిలు లాగడం చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. సరిగ్గా ఆ సమయంలో మెరకన ఎవరి కుళాయి గొట్టమైనా ఏ బకెట్లోనో మునిగి ఉంటే, ఆ బకెట్లో ఉన్నదంతా వీధి పైపులోకి పోతుంది. దీన్ని మా శాఖలో బ్యాక్ సైఫనేజ్ అంటారు. దీని గురించి కింది ఇంజనీర్లకు ఎన్నోసార్లు పాఠం చెప్పానే గాని కంటితో చూడలేదు.

మామిడి పూత మీద ఉన్న రోజులవి. ఉదయం సరఫరా అయిపోయింది, ఆఖరున మూడో వీధి వాల్వు కూడా కట్టేశాడు సన్యాసిరావు. నేను ట్యాంకు కింద గదిలో ఉండగా అప్పలనాయుడుగారు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఆయన పాతకాలపు రైతు. రోడ్డుకు పోగా మిగిలిన నాలుగు మామిడిచెట్లను వదల్లేక, వాటికి ఆనుకుని మా మూడో వీధి మొదట్లో ఇల్లు కట్టుకున్నారు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మేడమ్మా, నాను సెప్పింది ఇని తిట్టకండి," అన్నారు. "తేనెమంచు పురుక్కి డ్రమ్ములో మందు కలిపినాను. నీల్లు సాలవని కుళాయి గొట్టం డ్రమ్ములోనే ఒగ్గేసి టిఫినీకెల్నాను. వచ్చి సూత్తే డ్రమ్ము సగానికి దిగిపోనాది. కిందేటి తడి నేదు. ఆ మందునీల్లు ఏటైపోనాయో తెలట్నేదు."

ఆయనకు తెలియకపోయినా నాకు తెలిసింది. మా లేఅవుట్ మొత్తంలో ఆయన ఇల్లే మెరక. మూడో వీధి అక్కణ్ణుంచి కిందికి దిగి, పారమ్మగారి ఇంటి దగ్గర ఆగిపోతుంది. అదే అన్నిటికన్నా పల్లం. ఆ ఇంట్లో పురుడు. పారమ్మగారి కూతురు ఆడపిల్లను కని పుట్టింట్లోనే ఉంది, మర్నాడు బారసాల. వీధిలో అందరి పిల్లలకన్నా చిన్న ప్రాణం, అందరికన్నా పల్లపు కుళాయి దగ్గర ఉంది.

వెంటనే ప్రెసిడెంటుగారికి ఫోన్ చేశాను. సంఘానికి చెత్త ఎత్తే ఆటో ఒకటుంది, దానికి తగిలించే మైకు ఆయన ఇంట్లోనే ఉంటుంది. మూడో వీధివాళ్ళు కుళాయి ముట్టుకోవద్దనీ, ఉదయం పట్టిన నీళ్ళు వాడొద్దనీ, పురుగుమందు కలిసిందనీ మైకులో చెప్పించమన్నాను. ఒకటికి రెండుసార్లు అదే మాట అప్పజెప్పాను. సరేనన్నారు. నేను అప్పలనాయుడుగారితో కలిసి వాళ్ళ పెరట్లోకి వెళ్ళాను, ఏ మందో తెలియకపోతే డాక్టరుకు ఏం చెప్పను? సీసా మీద పసుపు త్రికోణం ఉంది. పురుగుమందుల్లో ఎరుపు త్రికోణం తర్వాత ప్రమాదకరమైనది అదే. గొట్టం చివర ఇంకా డ్రమ్ము అడుగున మునిగే ఉంది. లాగి నేల మీద పారేశాను.

అప్పుడు మైకు వినిపించింది. "మూడో వీధి సభ్యులకు గమనిక. పైపులైను రిపేరు కారణంగా సాయంత్రం వరకు నీళ్ళు రావు."

నా చెవులను నేనే నమ్మలేదు. మందు మాట లేదు, కుళాయి ముట్టుకోవద్దన్న మాట లేదు. ఫోన్ చేస్తే ప్రెసిడెంటుగారు నెమ్మదిగా, ఏదో పిల్లకు నచ్చజెప్పినట్టు చెప్పారు. "మైకులో విషం అన్నామనుకోండి మేడంగారూ, జనం ఎర్రెత్తిపోతారు. ఎయిర్‌పోర్టు వస్తాదని ఇప్పుడిప్పుడే మన ప్లాట్లు సూడ్డానికి వస్తన్నారు. నీళ్ళు రావంటే ఊరుకుంటారు కదా, పనైపోతాది."

ఆయనకు జవాబు చెప్పేలోగా నా కాళ్ళ దగ్గర పడి ఉన్న గొట్టం బుసకొట్టింది. ముందు గాలి, తర్వాత కాస్త నురగ, ఆ వెనక ధారగా నీళ్ళు. కట్టేసిన వీధిలోకి నీళ్ళొస్తున్నాయి.

ఎందుకొస్తున్నాయో తట్టడానికి ఆట్టే సేపు పట్టలేదు. నీళ్ళు ఆపబోయే ముందు కాసేపు అదనంగా వదలడం మా వైపు అన్ని స్కీముల్లోనూ ఉన్న మర్యాద. మోటరు కాలినా, పైపు పగిలినా, జనం బిందెలు నింపుకున్నాకనే ఆపుతారు. అలా వదలని ఆపరేటరును ఊళ్ళో బతకనివ్వరు. సన్యాసిరావుకు ఫోన్ చేస్తే ఏమాత్రం తడుముకోకుండా చెప్పాడు. "రిపేరన్నారు కదండి మేడంగోరూ. జనం పట్టుకుంతారని కూసింతసేపు ఒదిలినాను. ఎప్పుడూ అలాగే కదండి సేత్తాం." అతన్ని అనడానికేముంది? అతనికి ఎవరూ అసలు సంగతి చెప్పలేదు. నీళ్ళు రావని మైకులో వినగానే ఇల్లాళ్ళు చేసే పనీ ఒకటే. వీధి మొత్తం కుళాయిలు విప్పి ఉంటాయి. పైపులో నిలబడి ఉన్న మందునీళ్ళను మేమే తోసి ఇంటింటికీ పంచాం.

వాల్వు కట్టమందామా అంటే, పైపు మళ్ళీ ఖాళీ అవుతూ మిగిలిందంతా పారమ్మగారి కుళాయికి దిగుతుంది. ఉంచమందామా అంటే, వీధి మధ్య ఇళ్ళన్నిటికీ ఎక్కుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వాల్వు అలాగే ఉంచి, పల్లపు చివర కాలవ గట్టున ఉన్న వాషవుట్ వాల్వు బార్లా తెరవమన్నాను. పైపులో పేరుకున్న మడ్డిని కడిగి బయటికి వదలడానికి పెట్టే వాల్వు అది. అది తెరిస్తే నీళ్ళు ఇళ్ళలోకి ఎక్కడం తగ్గి, వేగంగా కాలవలోకి పోతాయి. సన్యాసిరావు బండి మీద అటు పరిగెత్తాడు. నేను వీధిలోకి దిగాను. మోకాళ్ళ నొప్పి ఆ పూట గుర్తులేదు.

అప్పలనాయుడుగారు నాకన్నా ముందే ఒక్కో గేటూ బాదుతున్నారు. "మందు కలిసిపోనాదమ్మా! నా డ్రమ్ములో మందే! పారబొయ్యండి!" అని అరుస్తున్నారు. తప్పు తనదని ప్రతి గుమ్మంలోనూ తన నోటితోనే చెప్పుకుంటూ వెళ్ళారు. ఒకావిడ నిండిన బిందె పక్కనే నిలబడి నన్ను ఎగాదిగా చూసింది. "మైకులో రిపేరన్నారు, మీరొచ్చి విసమంతారు. పట్టిన నీల్లు పారబొయ్యమంతారేటి మేడంగోరూ?" అంది. ఆ బిందె నేనే ఒంపేశాను. మర్యాదలకు సమయం లేదు.

పారమ్మగారి పెరట్లో కాగు కింద మంట రగులుతోంది. ఆవిడ పీట మీద కూర్చుని కాళ్ళు బారజాపి, కాళ్ళ మీద పసిదాన్ని పడుకోబెట్టుకుని నలుగు పెడుతోంది. పక్కన ఇత్తడి గంగాళం నిండుగా ఉంది, చెంబు అందులోనే ఉంది. నేను గేటు దగ్గర నుంచే అరిచాను. ఏమని అరిచానో నాకు గుర్తులేదు. పారమ్మగారు ఉలిక్కిపడి పిల్లను గుండెకు అదుముకుంది.

"తలకి పోసినారా?" అని అడిగాను.

"కాళ్ళమీద ఓ సెంబుడు పోసేనమ్మా. ఏటి? ఏటైనాది?"

ఇంట్లో అంగడి నుంచి తెచ్చుకున్న తాగునీళ్ళ టిన్ను ఒకటుంది. ఆ నీళ్ళతో, సబ్బుతో, పిల్ల కాళ్ళు పారమ్మగారి కాళ్ళు మళ్ళీ మళ్ళీ కడిగాం. నాకు తెలిసిన దేవుళ్ళందరినీ ఆ కాసేపట్లో మొక్కాను. అలా మొక్కే అలవాటు నాకు లేదు.

పసిదాన్నీ, ఆ నీళ్ళు నోట పెట్టుకున్నామన్నవాళ్ళనూ ఆటోలో ఆసుపత్రికి పంపాం. సీసా కూడా ఇచ్చి పంపాను. సాయంత్రందాకా డాక్టరు పిల్ల కనుపాపలు, ఊపిరి చూస్తూనే ఉన్నారు. ఏమీ కాలేదు. ఇద్దరు పెద్దవాళ్ళు వాంతులు చేసుకున్నారు, మందు వల్లో భయం వల్లో ఆయన తేల్చి చెప్పలేకపోయారు. క్లోరిన్ క్రిములను చంపుతుంది గాని పురుగుమందును విరిచెయ్యదు. కాబట్టి వీధి పైపు పదేపదే కడిగించి, ఇళ్ళ సంపులు తోడించి, నమూనాలు విశాఖపట్నం ల్యాబుకు పంపి, రిపోర్టు వచ్చేదాకా ట్యాంకరు నీళ్ళు తోలించాను. అన్నాళ్ళూ ఫోన్ మోగితే చాలు, నా చెయ్యి ముందుకు సాగేది కాదు.

తర్వాతి ఆదివారం సర్వసభ్య సమావేశం పెట్టారు. నా వంతు వచ్చినప్పుడు మైకు సంగతి దాచకుండా చెప్పాను. అప్పలనాయుడుగారు వచ్చి చెప్పబట్టే మనం ఇవాళ ఇలా కూర్చున్నాం, ఆయన డ్రమ్ము నింపుకుని ఊరుకుంటే మనకెవరు చెప్పేవారు, అని అడిగాను. ప్రెసిడెంటుగారు లేచి, జనం బెంబేలు పడకూడదనే అలా చెప్పించానన్నారు. నలుగురు చప్పట్లు కొట్టారు. ఎవరి మీదో ఒకరి మీద కోపం పోవాలి కదా, అది తలవంచుకుని వెనక వరసలో కూర్చున్న మనిషి మీదికి పోయింది. ఆ మామిడి సీజను అయ్యేదాకా అప్పలనాయుడుగారి కుళాయి కట్ చెయ్యాలని తీర్మానించారు. మేనేజరుకు ఓటు లేదు. ఆ కనెక్షను నా చేతుల మీదుగానే తీయించాను, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఇంజనీరుగా చెయ్యాల్సినవి చేశాను. ప్రతి ఇంటి కనెక్షనుకూ నీళ్ళు వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వు పెట్టించాను, పైపు పీల్చినప్పుడు గాలిని లోపలికి వదిలే ఎయిర్ వాల్వు మెరకన వేయించాను. అవి పెట్టాక నిశ్చింతగా ఉండొచ్చని చాలామంది అన్నారు. వాల్వు లోపలి రెక్కలో ఇసుక పడితే మూసుకోదని నాకు తెలుసు గనక నేను నిశ్చింతగా లేను.

మరుసటి ఏడు మళ్ళీ పూత సమయంలో, రెండో వీధిలో నడుస్తూ ఒక పెరట్లోకి చూశాను. నీలం డ్రమ్ము, అందులో తెల్లటి మందునీళ్ళు, వాటిలో మునిగి ఉన్న గొట్టం. డ్రమ్ము లోపలి గోడ మీద, నీళ్ళకు జానెడు పైన, తెల్లటి తడి చార ఉంది. మట్టం అప్పుడే దిగిందన్నమాట. ఇంటాయనను పిలిచి ఎప్పుడు దిగిందని అడిగాను. దిగలేదన్నాడు. చార చూపించాను. అతను దాన్ని చూసి, నన్ను చూసి, గొంతు తగ్గించాడు.

"అప్పలనాయుడుగోరు సెప్పినారు కదండి. ఆయనకేటైనాదో సూసేం కదండి," అన్నాడు.

ఆ పూట నేనే స్వయంగా మైకు పట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ నెలాఖరుకే ఉద్యోగం మానేశాను. నీటి సరఫరాలో అన్నిటికన్నా ముందు పనిచేసే హెచ్చరిక, తప్పు చేసి వచ్చి చెప్పే మనిషి. మా సంఘం తీర్మానం చేసి మరీ కట్ చేసింది ఆ కనెక్షనునే.