గ్రీన్ పార్టీ చక్రధర్

హికరీ లేక్ టౌన్‌షిప్‌లో తెలుగువాళ్లకి ముగ్గురు చక్రధర్‌లు తెలుసు. ఒకాయన పళ్ల డాక్టరు, ఒకాయన ఇళ్లు అమ్మిపెడతాడు, మూడో ఆయన ఎన్నికల్లో ఓడిపోతాడు. ఈ కథ మూడో ఆయనది.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి కారులో పావుగంట వెళితే ఆ ఊరు వస్తుంది. చక్రధర్‌ది తణుకు. సీటు బెల్టులు తయారుచేసే కంపెనీలో ఇరవై ఎనిమిదేళ్లుగా ఇంజనీరు. వెనక సీట్లో కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకుంటే తప్ప కారు కదిలించడు. దేన్నయినా పూర్తిగా చదివి గాని సంతకం పెట్టడు. అలాంటి మనిషి ఒక్కసారి చదవకుండా సంతకం పెట్టాడు, దాంతో గ్రీన్ పార్టీలో తేలాడు.

ఆయన ఇంటి వెనకాల ఓ బురద మడుగు ఉంది. వసంతం వస్తే పెద్ద పెద్ద కొంగలు జంటలుగా దిగుతాయి. దాన్ని పూడ్చి సాకర్ మైదానానికి పార్కింగ్ వేస్తామని 2009లో టౌన్‌షిప్ వాళ్లు మీటింగ్ పెట్టారు. చక్రధర్ వెళ్లి చేతులు కట్టుకుని వెనక వరసలో కూర్చున్నాడు. కొంగల తరఫున లేచి మాట్లాడింది ఒక్కావిడే. పేరు జూడిత్, స్కూలు బస్సు నడిపి రిటైరయింది. మీటింగ్ అయ్యాక ఈయన ఆవిడ దగ్గరికి వెళ్లి థాంక్స్ చెప్పాడు. ఆవిడ ఓ కాగితం ఇచ్చింది. కొంగల అర్జీ కాబోలు అనుకుని సంతకం పెట్టాడు. అది గ్రీన్ పార్టీ సభ్యత్వ ఫారం. వారం తర్వాత ఇంటికి కార్డు వచ్చింది. తిప్పి పంపితే ఆవిడ ఏమనుకుంటుందోనని ఉంచేసుకున్నాడు.

అది చెట్లూ చెరువులూ కాపాడాలనే చిన్న పార్టీ. అప్పటికి ఆ ఊళ్లో గ్రీన్ పార్టీ అంటే జూడిత్, ఆవిడ చెల్లెలు, తేనెటీగలు పెంచే ఓ ఆయన. 2004లో జూడిత్ ఊరి పార్కుల కమిషన్‌కి నిలబడితే తొంభై నాలుగు ఓట్లు పడ్డాయి. 2008లో నూట ఎనభై ఎనిమిది. ఇది రెట్టింపు అని ఆవిడ లెక్క చెప్పింది, లెక్క తప్పని ఎవరూ అనలేరు. 2012 వచ్చేసరికి ఆవిడ మోకాళ్లు ఇక తిరగనివ్వలేదు. మడుగు ఉంచాలో పూడ్చాలో తేల్చే ఆ పార్కుల కమిషన్ సీటుకి నువ్వు నిలబడవయ్యా అని చక్రధర్‌ని అడిగింది. మొహమాటం ఈయన పుట్టుకతో తెచ్చుకున్న ఆస్తి. సరేనన్నాడు.

ఆ ఏడు వనభోజనాల్లో ఈయన చేతిలో కాగితం పెట్టుకుని తెలుగువాళ్లందరినీ ఓటు అడిగాడు. పులిహోర ప్లేట్లు పట్టుకున్నవాళ్లు పట్టుకున్నట్టే తల ఊపారు. "మీకు కాకపోతే ఎవరికి వేస్తామన్నా" అన్నాడు వరంగల్ దివాకర్. నూట అరవై ఓట్లు ఖాయమని చక్రధర్ రాసుకున్నాడు. ఫలితాలొచ్చాయి. ఊరంతా కలిపి రెండు వందల నలభై ఒకటి. తెలుగువాళ్లుండే వీధుల నుంచి పందొమ్మిది.

"అంతమంది వేస్తామన్నారు కదా ఉషా" అన్నాడు చక్రధర్ భార్యతో.

"ఎలా వేస్తారండీ? సగంమంది హెచ్‌వన్ వీసా మీదున్నారు. మిగతావాళ్లవి గ్రీన్‌కార్డులు. సిటిజన్స్ ఎంతమందున్నారని?"

"ఆ మాట నాతో చెప్పొచ్చుగా."

"మీరు ఎదురుగా నిలబడి అడుగుతుంటే మాకు ఓటు లేదండీ అని మొహం మీద ఎలా చెప్తారు? మీరైతే చెప్పేవారా?"

తానూ చెప్పడు.

ఉష ఫార్మసీలో పనిచేస్తుంది. రోజుకి రెండు వందల మందితో మాట్లాడి కూడా ఇంటికొచ్చాక ఫోన్ పట్టుకునే రకం. 2016లో పార్టీ జెండా ఆవిడ భుజానికెత్తుకుంది. ఎదుటివాళ్ల వీసా సంగతి అడగడం ఈ దేశంలో తెలుగువాళ్లకి జీతం అడగడంకన్నా ఇబ్బంది. ఉష ఆ ఊసే ఎత్తేది కాదు. కాసేపు వాతావరణం, పిల్లల చదువులూ మాట్లాడి, "మీకెప్పుడైనా జ్యూరీ డ్యూటీ లెటర్ వచ్చిందా వదినా?" అనేది. కేసు విని తీర్పు చెప్పడానికి రమ్మనే ఆ కోర్టు పిలుపు సిటిజన్లకి గాని రాదు. వచ్చినవాళ్లు అరగంట సేపు విసుక్కుంటూ కథ చెప్పేవాళ్లు. ఉష శ్రద్ధగా విని, పేరు రాసుకుని, వాళ్ల పెరటి టమాటాలు నాలుగు పుచ్చుకుని మరీ వచ్చేది. ఆ ఏడాది ఆరు వందల యాభై అయిదు ఓట్లు. జూడిత్ కేకు తెచ్చింది.

2020లో ఇంకో సంగతి బయటపడింది. మిషిగన్ బ్యాలెట్‌లో పైన పార్టీ పేరు పక్కన ఒక్క గుండ్రం నింపితే చాలు, ఆ పార్టీ వాళ్లందరికీ ఓటు పడిపోతుంది. జనం అదొక్కటీ నింపి చేతులు దులుపుకుంటున్నారు. పార్కుల కమిషన్ వెనక పేజీలో ఉంటుంది, అక్కడ విడిగా వేస్తే ఆ ఓటే చెల్లుతుంది గాని, అక్కడిదాకా వచ్చేవాడే లేడు. దాంతో ఉష నినాదం మార్చింది. అందులో కొంగలు లేవు, మడుగు లేదు. "పేజీ తిప్పండి", అంతే. కరోనా రోజులు కాబట్టి వాకిట్లో ఆరడుగుల దూరంలో నిలబడి, మాస్కులోంచే కేకేసి చెప్పింది. పందొమ్మిది వందల నాలుగు ఓట్లు వచ్చాయి. మడుగు పూడ్చే ప్రతిపాదన రెండేళ్లు వాయిదా పడింది. ఓడినవాడికి ఇంతకన్నా మర్యాద ఎక్కడ జరుగుతుంది?

ఇంటింటికీ తిరగడంలో చక్రధర్ పాత్ర ఏమిటో కూడా చెప్పాలి. ఆయన కారు నడిపేవాడు. గుమ్మం దగ్గర ఉషకి ఓ మెట్టు కింద నిలబడేవాడు. తలుపు తెరుచుకోగానే "సారీ టు డిస్టర్బ్ యూ" అనేవాడు. తక్కినదంతా ఆవిడే చూసుకునేది.

2024లో చక్రధర్ ఇదే ఆఖరిసారి అని ప్రకటించాడు. ఏభై ఎనిమిదేళ్లొచ్చాయి, ఒక్కసారి గెలిచి మానేద్దామని ఆశ. ఆ ఆశకి తోడు అదృష్టం కూడా కలిసొచ్చింది. ఆ సీటుకి డెమోక్రాట్లు ఎవరినీ పెట్టలేదు. పోటీ ఇద్దరి మధ్యే: రిపబ్లికన్ కొవాల్స్కీ, గ్రీన్ చక్రధర్. కొవాల్స్కీది మేకులూ సుత్తులూ అమ్మే కొట్టు. మంచివాడే, కాని ఆయనకి ఆ మడుగులో పార్కింగ్ తప్ప ఇంకేం కనిపించదు. ఉష ఫార్మసీలో సెలవులన్నీ వాడేసింది. ఆగస్టు ఎండలో తొమ్మిది వందల తలుపులు తట్టింది. రెండు జతల బూట్లు అరిగాయి. ఓ కుక్క కరవబోయి, ఆవిడ మాటలు విని ఊరుకుంది.

ఎన్నిక మర్నాడు, బుధవారం పొద్దున్న పదింటికి ఫలితం వచ్చింది. కొవాల్స్కీ నాలుగు వేల మూడు వందల పదిహేడు. చక్రధర్ నాలుగు వేల మూడు వందల పదిహేడు.

ముందు వెబ్‌సైట్‌లో పొరపాటు పడిందనుకున్నారు. రెండు వారాలు కౌంటీవాళ్లు, అంటే జిల్లా ఆఫీసువాళ్లు, సరిచూశారు. అంకె కదల్లేదు. ఇలా సమానంగా వస్తే చట్టం ప్రకారం పెట్టెలో రెండు చీటీలు వేస్తారట, ఒకదాని మీద గెలిచినట్టు, రెండోదాని మీద ఓడినట్టు రాసి. అభ్యర్థులు తలో చీటీ తీయాలి.

చీటీల సంగతి తెలిసిన సాయంత్రం కూతురు నీహారిక తానుండే యాన్ ఆర్బర్ నుంచి వచ్చింది. పుట్టింది ఇక్కడే. తెలుగు బాగానే మాట్లాడుతుంది, తొందరగా మాట్లాడితే మాత్రం చివర్లు మింగేస్తుంది. ఉష గుత్తివంకాయ చేసింది. ముగ్గురూ భోజనాలకి కూర్చున్నారు.

"క్రేజీ కదా నాన్నా. ఒక్క ఓటు. ఓటర్ లిస్టులో నేను ఇక్కడి అడ్రస్ మార్చకుండా ఉండుంటే అయిపోయేది," అంది నీహారిక. "ఎవరో ఒకరు పేజీ తిప్పడం మర్చిపోయుంటారు. దొరికితే చంపేస్తాను."

చక్రధర్ వంకాయ కలుపుతున్న చెయ్యి ఆపాడు. ఉష చూసింది. ముప్పయ్యేళ్ల కాపురం మరి, ఆ చెయ్యి ఎందుకాగిందో తెలియకపోతే ఎలా.

"ఏవండీ, మీరు పేజీ తిప్పారా?"

"తిప్పాను."

"తిప్పి?"

ఆయన మంచినీళ్లు తాగాడు. "ఖాళీగా వదిలేశాను ఉషా. మన పేరు పక్కన మనమే నింపుకోవడం ఏం బావుంటుంది?"

ఆయనే చెప్పుకొచ్చాడు. తణుకులో తొమ్మిదో క్లాసులో లీడర్ ఎన్నికకి చేతులెత్తమంటే తనకి తాను చెయ్యెత్తుకున్నాడట. లెక్కల మాస్టారు "నీకు నువ్వే ఎత్తుకుంటావుట్రా, సిగ్గులేదూ?" అన్నారట. క్లాసంతా గొల్లుమంది. ఏడాది పొడుగునా చక్రధర్‌ని ఎగతాళి చేసినవాళ్లే గాని పేరుతో పిలిచినవాడు లేడట. అప్పటినుంచీ అంతే. నాలుగుసార్లు నిలబడ్డాడు, నాలుగుసార్లూ తన గడి ఖాళీగా వదిలేశాడు. అది మర్యాద అనుకున్నాడు.

ఉష కంచం పక్కకి జరిపింది. ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బావుండేదని చక్రధర్ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

"తొమ్మిది వందల ఇళ్లకి వెళ్లి, మా ఆయన మంచివాడు, మా ఆయనకి వేయండి అని చెప్పాను. కొత్తవాళ్లు, మన మొహం కూడా తెలియనివాళ్లు, నా మాట నమ్మి వేశారు. మీరు మాత్రం వేయలేదు. మీకు వేసుకోకపోవడం కాదండీ అది. నాకు వేయకపోవడం."

అదంతా తన సంగతే అనుకున్నాడు చక్రధర్ ఇన్నేళ్లూ. అందులో ఆవిడ ఉందని ఒక్కసారి కూడా తట్టలేదు. నీహారిక లేచి పెరుగు తెస్తానని వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

తర్వాత మూడు రోజులు ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి. పాలు అయిపోయాయి. చెత్త డబ్బా బయట పెట్టాలి. ఆయన కాఫీ కలిపిస్తే ఆవిడ తాగింది, బావుందని మాత్రం అనలేదు.

చీటీలు తీసే రోజు ఉష రాదేమోనని భయపడ్డాడు. ఆవిడ చీర కట్టుకుని ముందే వచ్చి కార్లో కూర్చుంది. కౌంటీ క్లర్క్ ఆఫీసులో బల్ల మీద ఓ చెక్కపెట్టె పెట్టారు. జూడిత్ చేతికర్రతో వచ్చింది, ఎనభైకి దగ్గర్లో ఉంది పాపం. కొవాల్స్కీ భార్యతో వచ్చాడు. ముందు ఎవరు తీస్తారని క్లర్క్ అడిగింది. కొవాల్స్కీ టోపీ తీసి, చెయ్యి చాచి, ముందు మీరు కానివ్వండన్నాడు.

లేదు లేదు, మీరే కానివ్వండి అనబోయాడు చక్రధర్. ఆ మాట పెదవులదాకా వచ్చింది కూడా. ఉష వైపు చూశాడు. ఆవిడ ఆయన్ని చూడటం లేదు, పెట్టెనే చూస్తోంది. ఆయన ముందుకెళ్లి పెట్టెలో చెయ్యి పెట్టాడు. రెండు చీటీలూ తగిలాయి. ఒకటి పట్టుకున్నాడు, వదిలి రెండోది పట్టుకున్నాడు, దాన్నే తీశాడు.

చీటీ మీద ఉన్నది: ఎన్నిక కాలేదు.

కొవాల్స్కీ వచ్చి చేతులు పట్టుకుని ఊపాడు. మడుగు సంగతి నాతో మాట్లాడుతూ ఉండమన్నాడు, మొహమాటానికే అన్నాడేమో గాని అన్నాడు. చక్రధర్ నవ్వుతూ అన్నిటికీ తల ఊపాడు. తిరిగి చూస్తే ఉష జూడిత్ పక్కన ఉంది.

"2028కి కాండిడేట్ కావాలి కదా జూడిత్," అంటోంది ఇంగ్లీషులో. "నా పేరు రాసుకోండి."

జూడిత్ ఆవిడ మొహంలోకి చూసి, నిన్ను మేం పన్నెండేళ్ల కిందటే అడగాల్సింది అంది. అంటూనే సంచీలోంచి పెన్ను తీసింది.

కారు దగ్గరికి నడుస్తున్నప్పుడు చక్రధర్ ఉండబట్టలేకపోయాడు. "నాతో ఒక్క మాట అనలేదే."

"అంటే ఏమనేవారు?"

ఆలోచించాడు. చాలా జాగ్రత్తగా, ఎదుటివాళ్లు ఏమనుకుంటారో, ఓడిపోతే ఎలా ఉంటుందో, అన్నీ మర్యాదగా వివరించి ఉండేవాడు. ఆ నాలుగు వేల మూడు వందల పదిహేడులో ఎన్ని ఈవిడ గొంతు విని పడ్డాయో అప్పుడు లెక్క కట్టబోయాడు, కట్టలేకపోయాడు. ఇన్నాళ్లూ నిలబడింది ఆవిడే, కాగితం మీద మాత్రం పేరు ఈయనది.

"నా ఓటు నీకే ఉషా. ఒట్టు," అన్నాడు.

"ఓటు ఒక్కటే చాలదండీ. ఈసారి బెల్లు మీరు కొట్టాలి. నేను కింద మెట్టు మీద నిలబడతాను. మా ఆవిడ మంచిది, ఆవిడకి వేయండి అని మీ నోటితో చెప్పాలి. తొమ్మిది వందల ఇళ్లు."

చక్రధర్ కారు తాళాలకోసం ఒకే జేబు రెండుసార్లు వెతికాడు. కాని సరేనన్నాడు. ఈసారి మొహమాటానికి కాదు.

"అయితే ఒకసారి చెప్పండి, వింటాను," అంది ఉష బెల్టు పెట్టుకుంటూ.

ఆయన గొంతు సవరించుకున్నాడు. కారు అద్దాలు ఎత్తి ఉన్నాయి, చుట్టుపక్కల ఎవరూ లేరు, అయినా ఇటూ అటూ చూశాడు. తర్వాత చెప్పాడు. మొదటిసారి మధ్యలో తడబడ్డాడు. రెండోసారి "సారీ టు డిస్టర్బ్ యూ"తో మొదలుపెడితే ఆవిడ ఆపింది. మూడోసారి చివరిదాకా చెప్పగలిగాడు. అప్పుడు ఇక బయల్దేరదామంది ఉష.