ముగ్గురు న్యాయనిర్ణేతలు, ఒక తండా పిల్ల

న్యాయం గురించి గట్టిగా మాట్లాడేవాళ్ళంటే నాకు అసహ్యం. వాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు.

సూర్యాపేటలో హైస్కూలు పిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టారు. అమెరికాలో ఒక నల్లజాతి కూలీని, చేయని దొంగతనానికి కోర్టులో తీర్పు చెప్పే జ్యూరీలోని పన్నెండు మంది కలిసి జైలుకు పంపిన కథతో ఒక నవల తెలుగులోకి వచ్చింది. పిల్లలు దాన్ని చదువుకొని రావాలి, ప్రశ్న మాత్రం హాల్లోనే చెప్తాం. ఫస్టు వచ్చినవాళ్ళు హైదరాబాద్ పోటీకి వెళ్తారు. నిర్ణేతలం ముగ్గురం: మిర్యాలగూడ నుంచి ఒక రిటైర్డ్ ప్రిన్సిపాల్, కోదాడ నుంచి తెలుగు మేడం, ఊళ్ళోవాణ్ణి కాబట్టి నేను. ప్రిన్సిపాల్ గారు మొదట మైకు పట్టుకొని వర్ణవివక్షను అరగంట చీల్చి చెండాడారు. కర్చీఫ్‌తో కళ్ళు కూడా ఒత్తుకున్నారు. అంత దూరపు దేశం మీద ఎంత కోపమైనా తెచ్చుకోవచ్చు, అడిగేవాడుండడు.

పేర్లు కనబడకుండా నంబర్లు వేసి దిద్దాం. ఒక పేపరు దగ్గర ముగ్గురమూ ఆగిపోయాం. ఆ పన్నెండు మందీ దుర్మార్గులు కారట, పక్కవాడితో పేచీ ఎందుకులే అనుకున్న మంచివాళ్ళట.

"ఇగ ఫస్టు గిదే. సూసేదేం లేదు," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"ఎంత చక్కటి తెలుగండీ!" అని మేడం ఇంకోసారి పైకి చదివారు.

అప్పుడు పేర్ల కాగితం విప్పాం. చివ్వెంల దగ్గర లంబాడీ తండా, తొమ్మిదో తరగతి అమ్మాయి.

"తండ పిల్ల గిట్ల రాస్తదా? ఎవలో రాసిస్తే బట్టీ కొట్టుంటది," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"ఇంట్లో వాళ్ళ భాషే వేరు కదండీ. ఇంత తెలుగు ఎలా వస్తుంది?" అన్నారు మేడం.

హాల్లో చెప్పిన ప్రశ్నకు జవాబు ఎవరు ముందే రాసిస్తారు? ఆ మాట పెద్దమనుషులిద్దరికీ తట్టలేదు. నాకు తట్టింది. తట్టి కూడా, "పిలిచి ఇంకోటి రాపిద్దాం సార్, డౌటు పోతది," అన్నాను. నా తెలివి తగలెయ్యా.

అమ్మాయి వచ్చింది. కొత్త ప్రశ్న ఇచ్చాం. మా ముగ్గురి ముందు కూర్చొని పేజీన్నర రాసి, కాగితం నా చేతికిచ్చింది.

"సార్, అందరితోని మల్ల రాపిస్తున్రా? నా ఒక్కదానితోనేనా?"

"అందరితోనమ్మా. ఒక్కొక్కలను పిలుస్తం," అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో!

రెండోది మొదటిదానికన్నా బాగుంది. ప్రిన్సిపాల్ గారు చదివి, కళ్ళజోడు తీసి, "మస్తు తయారై వచ్చింది. సెకండ్ ఇద్దాం, ఆమెకు గదే ఎక్కువ," అన్నారు. మేడం ఫలితాల కాగితం మీద సంతకం పెట్టి నా వైపు తోశారు. నేను కాదంటే పోయేదేమిటి? ఆయన మొహం మాడ్చుకుంటారు. అంతకు మించి నాకు జరిగే నష్టం ఏమీ లేదు.

తలుపు తీసే ఉంది. వరండాలో పిల్లలు సమోసాలు తింటున్నారు. ఆ అమ్మాయి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి ఏదో అడుగుతోంది. వాళ్ళంతా లేదన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నారు. చివరివాడు కూడా ఊపాక, అక్కడే నిలబడి తిన్నగా నా వైపు చూసింది.

నేను తల వంచుకొని సంతకం పెట్టాను.