రెండు పన్నాల బొంత

ఫ్యాను దగ్గర మొదలైంది గొడవ. నాకు అయిదులో తిరగాలి, మా అత్తకు రెండులో. మా ఆయన పోయాక నంద్యాలలో మా ఇద్దరికీ ఒకటే గది. మాటా మాటా పెరిగి ఆమె ఆళ్లగడ్డలో కూతురింటికి వెళ్లిపోయింది. రమ్మని అడగడం నాకు చేతకాదు. వాదించడమైతే వచ్చు. అందుకని ఆమె చేత బొంత కుట్టించుకునే నెపంతో బయల్దేరాను.

లోపల పరవడానికి ఆమె పాత చీరలున్నాయి. పైకీ కిందికీ మాత్రం కొత్త గుడ్డ కావాలి. అంగట్లో మంచం పొడుగు లెక్కేసి, దాన్ని రెండింతలు చేసి, కుట్టుకు కాస్త వదిలి నాలుగున్నర మీటర్లు చింపించాను. నీలం మీద తెల్ల చుక్కలు. వెడల్పుకు ఒక పన్నా చాలనుకున్నాను.

ఆళ్లగడ్డ చేరితే, మా అత్త గుడ్డ వైపు చూడనైనా చూడకుండా నన్ను పడుకోమంది. బొంతలు కుట్టేవాళ్ల పద్ధతి అది. కప్పుకునే మనిషిని నేల మీద పడుకోబెట్టి, తల దగ్గర మూరెడు, కాళ్ల దగ్గర జానెడు వదిలి కొలుస్తారు. డిగ్రీ చదివినదానికి మీటర్ల లెక్క తెలియదా అని అంటూనే పడుకున్నాను.

మధ్యాహ్నం. చల్లటి బండలు. వీధి చివర శిల్పాల కొట్టంలోంచి నిదానంగా ఉలి చప్పుడు. కొత్త గుడ్డ నా మీద పరిచి, దాని మీద ఒక్కో చీర మడతేసి వేస్తోంది. కనకాంబరం రంగుది నా పెళ్లిచూపులకు ఆమె కట్టుకొచ్చింది. ఆకుపచ్చదాని అంచు అహోబిలం జీపులో చిరిగింది. గంజి వాసన, కర్పూరం ఉండల వాసన. బరువు పెరిగేకొద్దీ ఎక్కడున్నానో మరిచిపోయాను. నీళ్ల అడుగున పడుకుని, పైన రంగులు కదలడం చూస్తున్నట్టుంది.

కళ్లు తెరిచేసరికి ఆమె నా పక్కనే పడుకుని ఉంది. గుడ్డ అంచు ఆమె భుజం దాకా రాలేదు.

"ఏమ్మే, ఒగ పన్నాకే తెచ్చినావే. నేనేం కప్పుకోవాల?"

"నువ్వు ఈడే కదత్తా ఉంటాండావు."

"ఈడ ఎన్నాళ్లుంటా? ఆ ఫ్యాను గాలికి నాకు ఒట్టి దుప్పటి చాలదు."

ఫ్యాను సంగతి ఎత్తలేదు. ఈ గుడ్డ మళ్లీ దొరకదేమో అని మాత్రం అన్నాను. దొరక్కపోతే తన సగం ఎర్రగా ఉంటుందట. అంగట్లో తనే మాట్లాడుతుందట, నాకు కొలతలు రావట.

సాయంత్రం నంద్యాల బస్సులో చీరల మూట ఇద్దరి ఒళ్లోకీ వచ్చింది. నేను కిటికీ తెరిచాను. ఆమె సగం మూసింది.