జాజికాయ రెండు చుట్లు

ఆ పిల్ల లేవలేదు. నేను నిద్రపుచ్చిన పిల్ల, మధ్యాహ్నం మూడున్నరైనా లేవలేదు.

మా ఇల్లు తెనాలిలో స్టేషనుకి దగ్గర. రేపల్లె, బాపట్ల వైపు ఉద్యోగాలకు వెళ్లే తల్లులు పొద్దున్నే రైలెక్కే ముందు పిల్లల్ని నా దగ్గర దింపి, సాయంత్రం తిరిగొచ్చి తీసుకెళతారు. అప్పట్లో నలుగురుండేవారు, అందరూ రెండేళ్లలోపు వాళ్లే. ఈ పనిలో ఆడించడం, తినిపించడం ఎవరైనా చేస్తారు. పగలు నిద్రపుచ్చడం దగ్గరే మనిషి సంగతి తేలిపోతుంది. ఒక్కరు మేలుకుని కేక పెడితే మిగతా ముగ్గురూ లేచి కూర్చుంటారు. ఇక సాయంత్రం దాకా ఒకటే గోల. అందుకని పిల్లల్ని చేర్చుకునే రోజే చెప్పేసేదాన్ని: "పన్నెండున్నరకల్లా పడుకోవాలండి. పగలు పడుకోని పిల్లల్ని నేను ఉంచుకోలేను."

నా దగ్గర అందరూ పడుకునేవారు. "మీ చేతిలో ఏదో ఉంది పిన్నిగారూ" అని తల్లులు అంటే నవ్వి ఊరుకునేదాన్ని. చేతిలో ఏమీ లేదు, వంటింటి అలమారలో జాజికాయ ఉంది. బాపట్లలో మా అమ్మ మమ్మల్నందరినీ దాంతోనే నిద్రపుచ్చింది. సానరాయి మీద రెండు పాలచుక్కలు వేసి, జాజికాయను రెండు చుట్లు తిప్పి, ఆ గంధాన్ని పాలల్లో కలిపి పట్టేది. "రెండే. మూడోది తిప్పకు" అనేది. ఆ రాయే నాతోపాటు తెనాలి వచ్చింది. మొండికేసే పిల్లలకు మాత్రమే వాడేదాన్ని. తల్లులకు చెప్పేదాన్ని కాదు. చెబితే ఇక నా గొప్పేముంటుంది?

ఈ పిల్లకు ఏడాదిన్నర. తల్లి రేపల్లె దగ్గర బడిలో టీచరు, తండ్రి ఎక్కడో దూరాన పని. చేరిన వారమంతా ఒక్క పూట కూడా కన్ను మూయలేదు. పైగా పడుకున్న పిల్లల దగ్గరికి పాక్కుంటూ వెళ్లి, వాళ్ల కనురెప్పలు వేళ్లతో పైకెత్తి, "లే" అనేది. దానికి వచ్చిన నాలుగైదు మాటల్లో అదొకటి. నాకు ఒళ్లు మండిపోయింది. శనివారం సాయంత్రం గుమ్మంలోనే తల్లికి చెప్పాను. "వచ్చే వారం కూడా ఇలాగే ఉంటే వేరే చోటు చూసుకోమ్మా."

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. "పడుకుంటుంది పిన్నిగారూ. నేను అలవాటు చేస్తానుగా" అంది.

సోమవారం పన్నెండింటికి నేను సానరాయి తీశాను. రెండు చుట్లు తిప్పాను. పది నిమిషాల్లో పిల్ల నిద్రపోయింది. అంత త్వరగా పనిచేయడం చూసి నాకేమీ అనుమానం రాలేదు. గర్వమే వచ్చింది. పది రోజులు అలాగే గడిచాయి. తల్లి కూడా సంతోషంగానే కనిపించింది.

ఆ రోజు పిల్లకు పళ్లు వస్తున్న చికాకు. వచ్చినప్పటి నుంచీ ఏడుపే. మా అమ్మ మాట గుర్తుంది, అయినా మూడోది తిప్పాను. నాలుగోది కూడా తిప్పాను.

మూడున్నరకి మిగతా ముగ్గురూ లేచి అటుకులు తింటున్నారు. పిల్లను పిలిచాను. అరికాలు గిల్లాను. మొహం ఎర్రగా ఉంది, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. చివరికి నేనే వేలితో దాని రెప్ప పైకెత్తాను. ఆ కన్ను నన్ను చూడలేదు. మిగతావాళ్లను పక్కింటావిడకు అప్పగించి, ఆటోలో పిల్లల డాక్టరు దగ్గరికి పరిగెత్తాను.

"ఏం పట్టారమ్మా? నిజం చెప్పండి" అన్నారు డాక్టరు.

"ఏమీ లేదండి. పప్పన్నం, పాలు" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందంటే ఇప్పటికీ నమ్మలేను. పిల్ల ప్రాణం ఆ మంచం మీద ఉంటే, నేను నా పేరు చూసుకున్నాను.

ఫోను చేయిస్తే, గంట తర్వాత తల్లి ఎవరిదో కారు పట్టుకుని వచ్చింది. పిల్లను చూడగానే డాక్టరు చేతులు పట్టేసుకుంది. "నేనేనండి. పొద్దున్న సీసాలో పోసి పంపే పాలల్లో జాజికాయ అరగదీసి కలుపుతున్నానండి. పది రోజుల నుంచీ. ఇవాళ ఏడుస్తోందని ఇంకాస్త వేశాను." తర్వాత నా వైపు తిరిగి ఏడ్చింది. "మీరు ఉంచుకోనంటారేమోనని, పిన్నిగారూ. క్షమించండి."

నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఆ సీసా పాలు పదకొండున్నరకి రోజూ పట్టింది నేనే. ఆపైన అరగంటకే సానరాయి తీసిందీ నేనే. నేను నోరు మూసుకుని ఉంటే తప్పంతా ఆమె మీదే పోతుంది. ఆమె నన్నే క్షమించమని అడుగుతోంది.

"నేనూ పట్టానండి" అన్నాను డాక్టరుతో. "ఇవాళ నాలుగు చుట్లు."

ఆయన మా ఇద్దరినీ చూసిన చూపు నేను మరిచిపోలేను. "ఈ మాట గంట క్రితం చెప్పాల్సింది" అని మాత్రం అని లోపలికి వెళ్లారు. మర్నాడు పొద్దున్న పిల్ల కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగింది.

ఆ తల్లీబిడ్డలు ఇక నా గడప తొక్కరనుకున్నాను. సానరాయి, జాజికాయ ఒక సంచిలో కట్టి కాలువలో పడేశాను. వారం తర్వాత పొద్దున్నే తల్లి పిల్లను చంకనేసుకుని గుమ్మంలో నిలబడింది.

"ఇంకెవరి దగ్గర ఉంచినా వాళ్లేం పడుతున్నారో నాకు తెలీదు కదండీ. మీరేం పట్టారో తెలుసు" అంది. పిల్లను నా చేతికిచ్చింది. "పడుకోకపోతే పోనివ్వండి పిన్నిగారూ."

ఆ మధ్యాహ్నం అది పడుకోలేదు. ముగ్గురి మధ్యా పాకింది, ఇద్దర్ని లేపింది. నేను గోడకు చేరగిలబడి, వారం రోజులుగా లేని నిద్ర ముంచుకొస్తే ఒక్క నిమిషం కళ్లు మూశాను. రెప్ప మీద చిన్న వేళ్లు తగిలాయి. బలవంతంగా పైకెత్తాయి.

"లే" అంది.

ఆ రెండు కళ్లూ నన్నే చూస్తున్నాయి. దాన్ని గుండెకు హత్తుకుని, ఇంకా పడుకుని ఉన్న ఆ ఒక్కరూ లేచిపోయేంత గట్టిగా ఏడ్చాను.